బస్టాప్ పక్క గోడ మీద జనం తమ మనసులో మాట రాసుకునేలా చేయాలి: పలక, వాక్యం, జాగ్రత్తలు చెప్పగలరా?

గోడచాటు:

అందరికీ నమస్కారం. బస్టాప్‌ను ఆనుకుని 12 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున సిమెంటు గోడ ఒకటి ఉంది. యజమాని ఆరు వారాలకు కాగితం మీద అనుమతి ఇచ్చారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, దారిన పోయేవాళ్లు ఓ రెండు ముక్కలు రాసి వెళ్లేలా చేయాలని తొమ్మిది మందిమి అనుకుంటున్నాం. నమూనాగా పెట్టుకున్నది కళాకారిణి క్యాండీ చాంగ్ 2011లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో చేసిన పని. ఆవిడ ఒక పాడుబడ్డ ఇంటి గోడకు బ్లాక్‌బోర్డ్ రంగు వేసి, 'చనిపోయేలోపు నేను...' అన్న సగం వాక్యాన్ని వరసలుగా అచ్చు కొట్టి, సుద్దముక్కలు పెట్టి వదిలేశారు. మర్నాటికే గోడ నిండిపోయింది.

మాకు తేలనివి చాలా ఉన్నాయి. రంగు నేరుగా గోడకే వేయాలా? ఆ వాక్యాన్నే తెలుగులోకి మార్చి పెట్టేస్తే సరిపోతుందా? బూతులు రాస్తే ఏం చేయాలి? అన్నిటికన్నా భయపెడుతున్నది ఇంకోటి: ఎవరైనా 'బతకాలని లేదు' అని రాసిపోతే? చివరగా, దీనివల్ల ఎవరికైనా కాస్త మేలు జరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి? చేసి చూసినవాళ్లు కొలతలతో సహా చెబితే మేలు.

సున్నండబ్బా:

గోడకు నేరుగా వేయకండి. గోడలో తేమ ఎంత ఉందో పైకి కనబడదు. నల్ల రంగు ఎండకి బాగా వేడెక్కుతుంది, లోపలి తేమ ఆవిరై బయటికి తోసుకొస్తుంది, పదిరోజుల్లో బుడగలు లేస్తాయి. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆరాలి. లేకపోతే సిమెంటులోని క్షారం ప్రైమర్‌ను (రంగు కింద వేసే మొదటి పూతను) తినేస్తుంది. పైగా ఆరు వారాల తర్వాత గోడను యథాతథంగా అప్పగించాల్సింది మీరే.

పలకలు చేయించి బిగించండి. 12 మి.మీ. మెరైన్ ప్లై (నీటిని తట్టుకునే ప్లైవుడ్), 8×4 షీట్లు ఒకటిన్నర తీసుకుంటే 4×4 అడుగుల ముక్కలు మూడు వస్తాయి. ఒక్కోటి సుమారు 12 కిలోలు, ఇద్దరు సులువుగా మోస్తారు. మూడూ పక్కపక్కన పెడితే 12×4. ఎత్తు 4 అడుగులు చాలు. ఆరడుగుల పైన ఎలాగూ ఎవరూ రాయరు. పలక కింది అంచు నేల నుంచి 18 అంగుళాల్లో, పై అంచు ఐదున్నర అడుగుల్లో ఉండేలా చూడండి. పిల్లలకీ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకీ కింది సగం అందుతుంది. పేరు, వివరాలు పలక పైన వేరే అట్ట మీద రాసుకోండి.

ప్లై చెడేది ముఖం మీద కాదు, అంచుల్లో. కోసిన అంచు నీళ్లను స్పాంజిలా పీలుస్తుంది. రెండో వానకి పొరలు విచ్చుకుంటాయి. అందుకే ముందు, వెనక, నాలుగు అంచులు, అన్నిటికీ ప్రైమర్ రెండు కోటింగులు పడాలి, అంచులకి మూడోది కూడా. ప్రైమర్ 2 లీటర్లు అవుతుంది. బ్లాక్‌బోర్డ్ రంగు ముందువైపుకే కాబట్టి, మూడు కోటింగులకి లీటరున్నర. స్పాంజి రోలర్ వాడండి, బొచ్చు రోలర్ వద్దు. బొచ్చు రోలర్‌తో వేస్తే నారింజ తొక్కలా గరుకు వస్తుంది, సుద్ద ఆ గుంటల్లో ఇరుక్కుని తుడిచినా పోదు. మొదటి కోటింగు నిలువుగా, రెండోది అడ్డంగా, మూడోది మళ్లీ నిలువుగా. మధ్యలో 220 నంబరు ఎమిరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, తడిగుడ్డతో దుమ్ము తీసేయాలి. ఒకేసారి మందంగా పూస్తే పైపొర ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ముడతలు పడుతుంది.

ఆఖరి కోటింగు తర్వాత మూడు రోజులు ముట్టుకోవద్దు. ఆ తర్వాత చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. సుద్దముక్కను పక్కకి పడుకోబెట్టి పలకంతా తెల్లబడేలా రుద్ది, పొడిగుడ్డతో తుడిచేయాలి. రెండుసార్లు. ఇది చేయకపోతే, మొట్టమొదట రాసినవాళ్ల అక్షరాలు కొత్త రంగులోకి ఇంకి, ఎన్నిసార్లు తుడిచినా నీడలా కనిపిస్తూనే ఉంటాయి. గోడ మీద మొదటి మాట ఏదో తిట్టు అయిందనుకోండి, ఆరు వారాలూ అది మీతోనే ఉంటుంది.

బిగించేటప్పుడు గోడకీ పలకకీ మధ్య అంగుళం మందం చెక్క పట్టీలు వేయండి, వెనకాల గాలి ఆడాలి. 8 మి.మీ. రావల్ ప్లగ్గులు (స్క్రూ పట్టు కోసం గోడ కన్నంలో దూర్చేవి), 3 అంగుళాల స్క్రూలు, పలకకి ఎనిమిది: మూలల్లో నాలుగు, అంచుల మధ్యలో నాలుగు. పలకకీ పలకకీ మధ్య 3 మి.మీ. సందు వదలండి.

ఎర్రసుద్ద:

పలక విషయం సున్నండబ్బా గారు చెప్పేశారు. నేను వాక్యం దగ్గర ఆగుతాను, ఎందుకంటే ఇలాంటి గోడల్లో నూటికి తొంభై అక్కడే తప్పుతాయని నా అభిప్రాయం.

చాంగ్ గారి వాక్యం ఇంగ్లీషులో ఎందుకు పనిచేసిందంటే, ఖాళీ వాక్యం చివర్న పడింది. చదువుతూ చదువుతూ వచ్చిన కన్ను ఖాళీ దగ్గరికి వచ్చేసరికి చేతిలో సుద్ద సిద్ధంగా ఉంటుంది. దాన్ని తెలుగులో పెడితే 'చనిపోయేలోపు నేను ______ చేయాలి' అవుతుంది. క్రియ చివర్న కూర్చుంటుంది కాబట్టి ఖాళీ మధ్యలో ఇరుక్కుంది. ఇక అందులో పట్టేది నామవాచకమే. 'ఇల్లు కట్టడం చేయాలి', 'నాన్నతో మాట్లాడటం చేయాలి'... ఎవరు అలా మాట్లాడతారు? పైగా రాసేది పొడవైతే 'చేయాలి' మీదికి ఎక్కేస్తుంది, జనం ఇరికించి చిన్నగా రాస్తారు, రోడ్డు మీద నుంచి చదవలేం.

రెండు దారులున్నాయి. ఒకటి, క్రియను కూడా రాసేవాళ్లకే వదిలేయడం: 'ఎప్పటికైనా నేను ______'. రెండోది నాకు ఇంకా ఇష్టం. తెలుగులో '-ఏది', '-ఇంది' అని ముగిస్తే ఖాళీ దానంతటదే చివరికి వచ్చేస్తుంది:

'నా మనసు తేలికపడేది ______' (వాన పడుతుంటే / అక్కతో పోట్లాడి మళ్లీ కలిశాక / బస్సులో కిటికీ సీటు దొరికితే)

'నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ______'

మొదటిదానికి వచ్చే జవాబు తర్వాత చదివేవాళ్లకి కూడా పనికొస్తుంది. రెండోది లోతుకి పోతుంది: క్షమాపణలు, పోయినవాళ్ల పేర్లు, ప్రేమలు. అది పెడితే పలక దగ్గర మనిషి ఉండాల్సిందే. 'మీరు ఎలా ఉన్నారు?' మాత్రం పెట్టకండి, మన భాషలో దానికి జవాబు ముందే సిద్ధంగా ఉంది: 'బాగున్నాం'. అందరూ అదే రాస్తారు. 'మీ బాధ ఏమిటి?' అనీ అడగొద్దు, అది తలుపు తీసి లోపల దీపం పెట్టకపోవడం.

పరీక్ష ఇలా చేయండి. మూడు వాక్యాలు, ఒక్కోటి 15 చీటీల మీద. మీ బృందంలో లేని పదిహేను మందికి ఇచ్చి, ఒక్కో చీటీకి 40 సెకన్లు. సగానికి మించి ఒక్క మాట జవాబులు వస్తే ఆ వాక్యం పక్కన పెట్టండి. రాయకుండా మిమ్మల్ని 'ఇదేంటి, ఏం రాయాలి?' అని ముగ్గురు అడిగినా పక్కన పెట్టండి. గోడ దగ్గర వాళ్లకి చెప్పడానికి ఎవరూ ఉండరు.

ఇక స్టెన్సిల్ గురించి, అంటే వాక్యం అచ్చు కొట్టడానికి అక్షరాలు కోసిన షీటు. 250 మైక్రాన్ల పాలిస్టర్ షీటు బాగుంటుంది, అట్ట మూడోసారికే నానిపోతుంది. తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కు గుండ్రాలది. 'ర' కోశారంటే లోపలి గుండ్రం ఊడి కింద పడుతుంది. సున్న అయితే అసలు సున్న మిగలదు, కన్నం మిగులుతుంది. 'ఠ'లో చుక్క నిలవడానికి చోటే ఉండదు. అందుకే గుండ్రాలన్నిటికీ పైన ఒకటి, కింద ఒకటి వంతెనలు (కోయకుండా ఉంచే సన్న పట్టీలు) వదలాలి. 3 మి.మీ. కన్నా సన్నగా ఉంటే స్పాంజి ఒత్తిడికే తెగిపోతాయి. సున్నకి వంతెనలు కొంచెం ఏటవాలుగా పెడితే కంటికి బాగుంటుంది. ఇంకోటి, తలకట్టు పైన, వత్తు కింద చోటు కావాలి. అసలు అక్షరం అంగుళంపావు ఉంటే గుడి, వత్తు కలిపి రెండున్నర అంగుళాలు అవుతుంది. ఇంగ్లీషు గోడల ఫొటోలు చూసి 4 అంగుళాల వరస పెడతారు, అప్పుడు పై వరస వత్తులు కింది వరస గుడుల్లో తగులుకుంటాయి. వరసకి 5 అంగుళాలు వదలండి. 4 అడుగుల పలకలో పైనా కిందా అంచులు పోను ఎనిమిది వరసలు వస్తాయి. మూడు పలకలకి ఇరవై నాలుగు. తక్కువ అనిపిస్తుంది కానీ సరిపోతుంది.

రంగు స్పాంజికి అద్దాక పాతగుడ్డ మీద రెండుసార్లు ఒత్తి, దాదాపు పొడిగా అయ్యాకే స్టెన్సిల్ మీద పెట్టాలి. తడిగా పెడితే కిందికి పాకి అక్షరం ఉబ్బుతుంది.

వాక్యాన్ని పైన ఒక్కసారి పెట్టి కింద ఖాళీ వదిలేయొచ్చు కదా అంటారేమో. వద్దు. ప్రతి వరసలోనూ మళ్లీ ఉంటేనే 'ఈ వరస నాది' అనిపిస్తుంది. ఎయిడ్స్‌తో పోయినవాళ్ల జ్ఞాపకంగా కుట్టి, 1987లో వాషింగ్టన్‌లో పరిచిన ఎయిడ్స్ మెమోరియల్ క్విల్ట్ అనే పెద్ద బొంత చూడండి. మొదటిసారి 1,920 గుడ్డ పలకలు, ప్రతిదీ 3×6 అడుగులే. కుట్టు రానివాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, చొక్కా తెచ్చి అతికించినవాళ్లు, అందరికీ అదే జాగా. కొలత ఒకటే అవడం వల్లే ఎవరిదీ ఎక్కువ, ఎవరిదీ తక్కువ కాలేదు.

గోడచాటు:

ఎర్రసుద్ద గారూ, '-ఏది' సంగతి మాకు తట్టనే లేదు, చాలా థాంక్స్. మేం అచ్చంగా 'చేయాలి' అనే పెట్టబోయాం. మరి బతకాలని లేదని రాసేవాళ్ల విషయం ఎవరైనా చెప్పండి. మాలో ఇద్దరు ఆ ఒక్క భయంతోనే వద్దంటున్నారు.

నిదానం:

వాళ్ల భయం సరైనదే, అలాగని మానేయాల్సిన పని లేదు. ఒక సంగతి ముందు ఒప్పుకోండి: రాయడం వల్లే మనసు కుదుటపడుతుందని అనుకోకండి. రాసినదాన్ని ఒకరు చదివారని తెలియాలి. చదివే మనిషి లేని గోడ, ఎవరూ తీయని తపాలా పెట్టె లాంటిది. అందుకే ప్రారంభానికి ముందే చదివేవాళ్ల జాబితా వేసుకోండి.

రోజుకి రెండుసార్లు, పొద్దున 8కి, రాత్రి 8కి. ప్రతిసారీ ఇద్దరు. ఇరవై నిమిషాలు సరిపోతుంది. ఎవరూ వరసగా వారానికి మించి చేయకూడదు. రోజూ అవే చదివితే చదివేవాళ్లకీ బరువెక్కుతుంది. తొమ్మిది మందిలో ఒకరిని అత్యవసర ఫోన్ పిలుపులకి పెట్టి, మిగతా ఎనిమిది మంది నాలుగు జంటలైతే వంతులు బాగా కుదురుతాయి.

బతకాలని లేదనిపించినవాళ్లు ఫోన్ చేయగల సహాయ నంబరు పలక పక్కనే అట్ట మీద చెరగని రంగుతో రాయండి, సుద్దతో కాదు. కంటి ఎత్తులో ఒకచోట, మూడడుగుల ఎత్తులో ఇంకోచోట. నంబరు ఒక్కటే రాస్తే చాలదు, ఎత్తేవాళ్లు ఏ భాషలు మాట్లాడతారో, ఏ వేళల్లో ఉంటారో కూడా రాయాలి. రాసే ముందు మీరే రాత్రి పదకొండుకి ఒకసారి, ఆదివారం ఒకసారి చేసి చూడండి. మోగీ మోగీ ఆగిపోయే నంబరు పెట్టడం కన్నా ఏదీ పెట్టకపోవడమే నయం.

ఇక అలాంటి మాట కనిపిస్తే:

'చాలా అలిసిపోయాను', 'ఎవరికీ అక్కర్లేదు' లాంటివి ఉంచండి. తుడిచేస్తే 'ఇక్కడ కూడా చోటు లేదు' అన్నట్టవుతుంది. పక్కన ఖాళీలో చిన్నగా ఒక జవాబు రాయండి: 'చదివాం. రేపు కూడా వస్తాం. మాట్లాడాలనిపిస్తే పక్కన నంబరు ఉంది.' సలహాలు, సూక్తులు, 'ధైర్యంగా ఉండండి' లాంటివి వద్దు. ఇతరులూ కింద జవాబులు రాస్తారు, ఆపొద్దు.

ఎలా చేసుకోవాలో, ఎక్కడో, ఎప్పుడో రాసి ఉంటే మాత్రం ఫొటో తీసి వెంటనే ఆ వివరాన్ని తుడవాలి. ఆత్మహత్య వార్తలు ఎలా రాయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకి చెప్పే సూచనల్లో ముఖ్యమైనది ఇదే: పద్ధతి, చోటు వివరించొద్దు, దాన్ని సమస్యకి పరిష్కారంలా చూపించొద్దు. గోడ కూడా నలుగురూ చదివే పత్రికే. తుడిచిన చోట 'చదివాం' అన్న జవాబు ఉంచండి.

పేరో, చేతిరాతో, ఇంకేదైనా గుర్తో ఉండి, ప్రమాదం ఈ రోజో రేపో అన్నట్టు ఉంటే అది మీ స్థాయి దాటింది. మీ ప్రాంతపు అత్యవసర సేవకి ఫోన్. ఎవరు చేయాలో ముందే నిర్ణయించుకోండి. ఆ క్షణంలో తొమ్మిది మంది గ్రూపులో చర్చ పెట్టుకుంటే గంట పోతుంది. పిలుపులకి పెట్టిన ఆ తొమ్మిదో మనిషి పని ఇదే.

తుడవాల్సినవి ఇంకా ఉన్నాయి: మూడోవాళ్ల పేరు పెట్టి తిట్టినవి, ఫోన్ నంబర్లు, చిరునామాలు, ఏ వర్గాన్నైనా కించపరిచేవి. ఈ నియమం పలక మూలన రెండు వరసల్లో రాసిపెట్టండి, లేకపోతే ఏది తుడిచినా 'నోరు నొక్కారు' అంటారు. ఉత్త బూతు ముక్కలు, బాణం గుచ్చిన గుండెలు, పేర్ల జంటలు మరీ పట్టించుకోకండి. ఫొటోలు నెట్‌లో పెట్టేటప్పుడు పేరున్న వరస ఏదీ కనబడకూడదు. సుద్దతో రాసినవాళ్లు రేపటికి చెరిగిపోతుందన్న భరోసాతో రాశారు. మీరు దాన్ని శాశ్వతం చేయకూడదు.

ఒక్క మాట: దీన్ని ఎక్కడా 'చికిత్స' అనకండి, పోస్టర్‌లో కూడా.

వంతెనకింద:

కాస్త చేదుగా మాట్లాడేవాడు ఒకడుండాలి కదా. మీ ఆఖరి ప్రశ్నకి వస్తాను.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం కళలకీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద 3,000కి పైగా అధ్యయనాలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. అందరూ దాన్ని చూపించి 'రుజువైంది' అంటారు. అందులో పాడటం, నాట్యం, ఆసుపత్రుల్లో సంగీతం, అన్నీ ఉన్నాయి. బస్టాప్ గోడ మీద నలభై సెకన్లు రాసిపోయినదానికి దాన్ని అన్వయించలేం. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గోడ బొమ్మలు వేయించే మ్యూరల్ ఆర్ట్స్ సంస్థ, నగర మానసిక ఆరోగ్య విభాగంతో కలిసి పోర్చ్ లైట్ అనే కార్యక్రమం నడిపింది, యేల్ వైద్య కళాశాల దాన్ని అంచనా వేసింది. అక్కడ గోడ బొమ్మ అంటే నెలల తరబడి సమావేశాలు. చికిత్సలో ఉన్నవాళ్లు, ఇరుగుపొరుగు కలిసి గుడ్డ మీద ముక్కలుగా రంగులు వేసి, ఆ గుడ్డని గోడకి అతికించారు. గుడ్డ మీద వేయడంలో లాభం ఏమిటంటే, నిచ్చెన ఎక్కలేనివాళ్లు, బయటికి రాలేనివాళ్లు కూడా బల్ల దగ్గర కూర్చుని వేయగలరు. ఫలితాల్లో చెప్పుకోదగ్గవి ఇరుగుపొరుగు మధ్య నమ్మకం, మానసిక అనారోగ్యం పట్ల చిన్నచూపు తగ్గడం. కాబట్టి మీరు కూడా 'ఫలానా మనిషి దిగులు తగ్గిందా?' అని వెతక్కండి. 'ఇక్కడ మనుషులు ఆగుతున్నారా, ఒకరితో ఒకరు మాట్లాడుతున్నారా?' అని చూడండి. దాన్ని లెక్కపెట్టొచ్చు.

లెక్క ఇలా: పది నిమిషాల చొప్పున, పొద్దున 8 నుంచి 9 మధ్య ఒకసారి, మధ్యాహ్నం 1 నుంచి 2 మధ్య, సాయంత్రం 6 నుంచి 7 మధ్య. వారంలో మూడు పనిదినాలు, ఒక సెలవురోజు. నాలుగు గడులు: ఎంతమంది దాటారు, ఎంతమంది అర నిమిషానికి మించి ఆగారు, ఎంతమంది రాశారు, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎంతమంది మాట్లాడుకున్నారు. చివరి గడి అంచనాయే, అందుకే ఇద్దరు విడివిడిగా నింపి పోల్చుకోవాలి. పలక పెట్టకముందు రెండు వారాలు, ఉన్నంతకాలం, తీసేశాక రెండు వారాలు. తీసేశాక లెక్క ఎవరూ వేయరు. అసలు సంగతి అక్కడే బయటపడుతుంది.

ప్రశ్నాపత్రం కావాలనుకుంటే మనసు బాగోగులు కొలిచే డబ్ల్యూహెచ్ఓ-5 ఉంది. ఐదు వాక్యాలు, గడిచిన రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని 4తో గుణిస్తే 100కి వస్తుంది. కానీ దారిన పోయేవాళ్లకి ఇది పనికిరాదు, అదే మనిషి మళ్లీ దొరకడు. మీ చదివే జంటలకి మాత్రం మొదట్లో ఒకసారి, చివర ఒకసారి ఇవ్వండి. నిదానం గారన్న బరువు వాళ్ల మీద పడుతోందో లేదో తెలుస్తుంది. 50 కన్నా కిందికి పోయినవాళ్లకి వంతుల నుంచి సెలవు ఇచ్చి, తీరిగ్గా మాట్లాడండి.

గోడ యజమాని ఎందుకు ఒప్పుకున్నారో కూడా ఓసారి అడగండి. వెనకాల స్థలం అమ్మకానికో, అద్దెలు పెంచడానికో ముందు 'కళ' తెచ్చి పెట్టడం చాలా నగరాల్లో పాత అలవాటు. ఫొటోలు ఎవరివి, ప్రకటనల్లో వాడొచ్చా అన్నది ఆ కాగితంలో రాయించుకోండి.

ఎర్రసుద్ద:

మొదటిరోజు పలక ఖాళీగా ఉంటే ఎవరూ రాయరు, ఇది ఖాయం. ఇరవై నాలుగు వరసల్లో ఐదారు మీరే నింపి పెట్టండి. కింది వరసల్లో ఒకటి, అంచున ఒకటి, చెదురుగా. మధ్యలో పెద్ద అక్షరాలతో వద్దు.

వంతెనకింద:

అది మోసం కదండీ? ఎవరో రాసినట్టు మనమే రాయడం?

ఎర్రసుద్ద:

వేరేవాళ్ల పేరుతో కల్పించి రాస్తే మోసమే. తొమ్మిది మందిలో ఐదుగురు తమ సొంత జవాబు నిజంగా రాస్తే మోసం ఎక్కడిది? వాళ్లూ ఈ దారిన పోయేవాళ్లే. కాకపోతే అందంగా రాయొద్దు. మొదటి జవాబులు కవిత్వంలా ఉంటే తర్వాతివాళ్లు జంకుతారు. 'నా మనసు తేలికపడేది చెప్పులు విప్పేశాక' లాంటిది ఒక్కటి చాలు, పదిమంది రాస్తారు.

తుడవడం కూడా అంతే. మూడూ ఒకేసారి తుడిస్తే మళ్లీ ఖాళీ భయం మొదలవుతుంది. రోజుకి ఒక పలక, వరసగా. ఏ మాటైనా మహా అయితే మూడు రోజులు ఉంటుంది.

నిదానం:

ఇక్కడ విభేదిస్తాను. బాధ రాసిన మాటకి జవాబు ఇచ్చిన మర్నాడే ఆ పలక వంతు వస్తే, రాసిన మనిషి జవాబు చూడకముందే పోతుంది. వాళ్లు రోజూ అదే బస్టాప్‌కి వస్తారని నమ్మకం లేదు. జవాబు ఉన్న వరసల్ని వారం ఉంచండి, చుట్టూ తుడవండి.

ఎర్రసుద్ద:

ఒప్పుకుంటున్నాను. అలాంటి వరస పక్కన చిన్న చుక్క పెట్టండి, తుడిచేవాళ్లకి గుర్తు.

సున్నండబ్బా:

తుడిచే పద్ధతి: ముందు పొడి డస్టర్, తర్వాత పిండిన తడిగుడ్డ. సబ్బు వద్దు. సబ్బు పొర మీద సుద్ద జారిపోతుంది. మార్కర్ సుద్దలు (పెన్నులా ఉండే ద్రవ సుద్దలు) అసలు రానివ్వకండి, ఇంకిపోతాయి. సుద్దలకి 2 అంగుళాల పీవీసీ పైపుని నిలువునా చీల్చి, కింద 5 మి.మీ. కన్నాలు నాలుగు పెట్టి, పలక కింద బిగించండి. కన్నాలు లేకపోతే మొదటి వానకి సుద్ద పిండి ముద్ద. డబ్బా మొత్తం పెట్టకండి, పూటకి పది ముక్కలు. పిల్లలు పట్టుకుపోతారు, పోనీయండి, నేల మీద బొమ్మలేస్తారు, అది కూడా మీ లెక్కలోదే.

నిదానం:

రాయడం రానివాళ్లు, రాయడం ఇష్టం లేనివాళ్లు ఉంటారు. మూడో పలకని వాళ్లకి ఇచ్చేస్తే? ప్లైకి ఆరేసి అంగుళాల దూరంలో 2 అంగుళాల చెక్క మేకులు, ఒక్కోదాని కింద ఒక మనోస్థితి బొమ్మ. వచ్చినవాళ్లు తమకి తగిన మేకుల మధ్య రంగు దారం చుట్టిపోతారు. మనిషికి నాలుగైదు మీటర్లు పడుతుంది. నూలు ఎండకి వెలుస్తుంది, అక్రిలిక్ ఉన్ని నిలుస్తుంది. దారం పలక దాటి బయటికి వేలాడకూడదు, పిల్లల మెడ ఎత్తులో అసలు ఉండకూడదు. ముందే ఐదు మీటర్ల ముక్కలు చేసి పెడితే ఆ గొడవ ఉండదు, కత్తెర కూడా కట్టి పెట్టనక్కర్లేదు.

గోడచాటు:

రెండు పలకలు 'నా మనసు తేలికపడేది', మూడోది దారాలు అని ఖాయం చేశాం. వద్దన్న ఇద్దరూ చదివే జంటల్లో చేరారు. ఇంకొక్కటే సందేహం: చివరి రోజు ఏం చేయాలి? ఉత్తినే విప్పి తీసుకెళ్లడమా? లేక ఇంకో ఆరు వారాలు అడగమంటారా?

వంతెనకింద:

అడగకండి. ఆఖరి తేదీ మొదటి రోజు నుంచే పలక మూలన రాసిపెట్టండి. లండన్‌లో 2021లో పార్లమెంటుకి ఎదురుగా నది ఒడ్డు గోడ మీద కోవిడ్ మృతుల కోసం వేసిన ఎర్ర గుండెలు చూడండి, సుమారు లక్షన్నర. మార్కర్లతో వేశారు, నెలల్లో వెలిసిపోయాయి. అప్పటి నుంచి వలంటీర్లు గోడల రంగుతో ఒక్కోటీ తిరిగి దిద్దుతున్నారు. వాళ్లు ఆ బాధ్యత తెలిసి మోస్తున్నారు. మీది ఆరు వారాల శక్తి. అదే 2015లో ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో శిల్పి డేవిడ్ బెస్ట్ ఆధ్వర్యంలో కట్టిన చెక్క 'టెంపుల్' సంగతి చూస్తే, జనం లోపలికి వచ్చి గోడల మీద పేర్లు, మాటలు రాశారు. మార్చి 21న దాన్ని కాల్చేస్తారని రాసేటప్పుడే అందరికీ తెలుసు. తెలిసే రాశారు.

నిదానం:

మీకు కాల్చాల్సిన పని లేదు. ఆఖరి సాయంత్రం తుడిచే పనిని వచ్చినవాళ్లకి ఇవ్వండి: ఒక బకెట్ నీళ్లు, పది గుడ్డలు. కావాలంటే తమ వరస తామే తుడుచుకుంటారు. ఆ రోజు వంతు ఉన్న చదివే జంటలు రెండూ అక్కడే ఉండాలి, వచ్చినవాళ్లు మామూలు రోజుల కన్నా ఎక్కువ మాట్లాడతారు. సహాయ నంబరు అట్ట మాత్రం ఇంకో రెండు వారాలు గోడ మీదే ఉంచేలా యజమానితో మాట్లాడండి, అలవాటుగా వచ్చేవాళ్లు ఉంటారు.

సున్నండబ్బా:

స్క్రూలు తీశాక ఆ ఇరవై నాలుగు కన్నాలూ పూడ్చడం మర్చిపోకండి. ప్లగ్గుని స్క్రూ సగం బిగించి లాగితే వచ్చేస్తుంది. సిమెంటు ఒక వంతు, సన్న ఇసుక మూడు వంతులు, తడిపి కూరి, మర్నాడు మళ్లీ ఒకసారి. మొదటిసారి కూరినది ఆరాక లోపలికి కుంగుతుంది.